అరటిపండ్ల రొట్టె: సోడా ఎంత? పులుపు ఎంత?

అరటి గెల ఇంటికి వచ్చినపుడు గృహిణికి ఒక చిక్కు ఎదురగును. అత్తములన్నియు ఇంచుమించు ఒకేసారి పండును. మొదటి రెండు రోజులు ఇంటివారు ఇష్టముగా తిందురు, ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదురు. నాలుగవనాటికి మిగిలిన పండ్ల తొక్కలపై మచ్చలు పడును. మరి రెండు రోజులకు తొక్క అంతయు నల్లబడి, పండు మెత్తబడి, ఎవరును ముట్టరు. అప్పుడది పశువుల కుడితిలోనికి పోవును. కాని అట్లు నల్లబడిన పండే ఒక వంటకమునకు మిక్కిలి యోగ్యమైనది. అమెరికా దేశమున ఇంటింట చేసికొను అరటిపండ్ల రొట్టె అదియే. గోధుమపిండి, మిక్కిలి పండిన అరటిపండ్లు, వెన్న, పంచదార, గ్రుడ్లు, అక్రోటు పప్పు, కొంచెము వంట సోడా - ఇవే దాని సంభారములు.

దీనిని రొట్టె అనుచున్నను, బజారులో దొరకు డబుల్ రొట్టెకును దీనికిని పోలిక తక్కువ. డబుల్ రొట్టె పొంగుటకు ఈస్టు అను సూక్ష్మజీవి కారణము. అది పిండిలోని చక్కెరను తినుచు గంటల తరబడి బొగ్గుపులుసు వాయువును విడుచును. అరటిపండ్ల రొట్టెకు అంతటి ఓపిక అక్కరలేదు. ఇందు జీవియేదియు పనిచేయదు. ఒక క్షారము, ఒక ఆమ్లము కలిసినపుడు పుట్టు వాయువే దీనిని లేపును. తొమ్మిదవ తరగతి విద్యార్థి ప్రయోగశాలలో పరీక్షనాళికలో చూచు చర్యయే ఇచట రొట్టె అచ్చులో జరుగుచున్నది.

ఈ పద్ధతి మొదట బూడిదతో ఆరంభమైనది. కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి, తేరిన నీటిని కాచి ఇంకించినచో పొటాషు అను క్షారము మిగులును. దానిని మరల కాల్చి శుద్ధిచేసినది పెర్లాషు. అనగా పొటాసియమ్ కార్బొనేటు. అడవులు నరికి పొలములు చేసికొనుచుండిన అమెరికా వలసవారికి బూడిదకు కొరత లేదు. 1790లో ఆ దేశ ప్రభుత్వము ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు పొటాషు, పెర్లాషు తయారుచేయు పద్ధతికే అనిన, ఆ వస్తువునకు ఆనాడు గల విలువ తెలియగలదు. 1796లో అమీలియా సిమ్మన్స్ అచ్చువేయించిన వంటల పుస్తకములో పిండివంటలను పొంగించుటకు పెర్లాషు వాడుట కనబడును. మనవారు అప్పడముల పిండిలో క్షారము కలుపుట ఎరుగనివారు కారు గనుక, ఇది మనకు వింతగా తోపదు.

పెర్లాషు రుచి చేదు. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనువారు అమెరికాలో సోడియమ్ బైకార్బొనేటును, అనగా మన వంట సోడాను, పొట్లములు కట్టి అమ్మసాగిరి. అంతకు మూడేండ్ల ముందు, 1843లో, ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను రసాయనజ్ఞుడు సోడాను ఆమ్లపు పొడితో కలిపి బేకింగ్ పౌడరు తయారుచేసెను. ఈస్టు సరిపడని తన భార్యకొరకు ఆయన ఈ పనికి పూనుకొనెనట. ఇట్లు పొంగించు సాధనము సిద్ధమైనను, అరటిపండు రావలసి యుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున మధ్య అమెరికానుండి ఓడలలో అరటి గెలలు వచ్చుట ఆరంభమై, చలువ గదులు గల ఓడలు వచ్చిన పిమ్మట ఆ పండు అచటి సామాన్యునికి చౌకగా దొరకసాగినది. 1929లో ఆర్థిక మాంద్యము దాపురించినపుడు ఏ వస్తువును పారవేయరాదను పొదుపు ఇంటింట ప్రవేశించెను. 1933లో పిల్స్‌బరీ అను పిండిమరల సంస్థ వెలువరించిన వంటల పుస్తకములో అరటిపండ్ల రొట్టెకు చోటు దొరకినది. 2020లో కోవిడ్ వ్యాధివలన జనులు ఇండ్లనుండి కదలలేనపుడు, పెక్కు దేశములలో ఈ రొట్టెయే మరల పొయ్యి కెక్కినది. కొరత కాలముననే ఇది జ్ఞప్తికి వచ్చుచున్నట్లున్నది.

ఇక పండు సంగతి. కోసిన పిదపకూడ పండు జీవించియే యుండును, శ్వాసించుచుండును. అరటి, మామిడి, బొప్పాయి వంటి పండ్లు ఒక దశలో ఎథిలీన్ అను వాయువును తమంతట తామే పుట్టించుకొనును. ఒక పండునుండి వెడలిన ఎథిలీన్ ప్రక్క పండును తొందరపెట్టును. గెలంతయు ఒక్కమారుగా పండుటకు ఇదియే కారణము. పొగ పెట్టి గెలలు మాగవేయు మన పాత పద్ధతిలో పనిచేయునదికూడ పొగలోనుండు ఎథిలీనే. కాల్షియమ్ కార్బైడుతో పండ్లు మాగవేయుటను మాత్రము మన చట్టము నిషేధించినది. అందు ఆర్సెనిక్ వంటి విషపదార్థముల కల్తీ యుండవచ్చును.

పచ్చి అరటికాయ గుజ్జులో నూటికి 20 పాళ్లకు పైగా పిండిపదార్థ ముండును. పండు చక్కగా మాగునప్పటికి అది ఒకటి రెండు పాళ్లకు దిగిపోవును. ఎంజైములు దానిని చక్కెరలుగా విడగొట్టుటయే ఇందుకు కారణము. ఇది కంటికి చూపదగిన విషయము. పచ్చికాయ, దోరకాయ, పండు, నల్లమచ్చల పండు - ఈ నాలుగింటినుండి ఒక్కొక్క బిళ్ల కోసి, పలుచని టింక్చర్ అయొడిన్ రెండేసి చుక్కలు వేయవలెను. పచ్చికాయ బిళ్ల నల్లని నీలమగును. దోరకాయలో నీలము అచ్చటచ్చట నిలుచును. మచ్చల పండులో ఇంచుమించు కనబడదు. ఖర్చు లేని ఈ ప్రయోగమును ఉపాధ్యాయులు తప్పక చేయించదగును. వాడిన బిళ్లలను ఎవరును తినకుండ చూడవలెను.

పండు మెత్తబడుట వేరొక చర్య. కణముల గోడలను అంటిపెట్టుకొనియున్న పెక్టిన్ కరగును. అందువలన ఫోర్కుతో చిదిమినంతనే గుజ్జగును. సువాసన నిచ్చునవి ఎస్టరులు. వానిలో ముఖ్యమైనది ఐసోఅమైల్ అసిటేటు. తొక్క నల్లబడుట మరియొకటి: అందలి ఫినాలిక్ పదార్థములు ఒక ఎంజైము సాయముతో గాలిలోని ఆమ్లజనితో కలిసి నల్లని రంగుగా మారును. కావున నలుపు కుళ్లు కాదు. ఐనను బూజు పట్టినదియు, పులిసిన సారా వాసన వేయునదియు, కారుచున్నదియు అగు పండు రొట్టెకు పనికిరాదు. ఈ భేదము తెలియవలెను.

ఏ జాతి పండు మంచిది? అమెరికావారు వాడునది కావెండిష్ జాతి. నేడు మన అంగళ్లలో దొరకు గ్రాండ్ నైన్ ఆ జాతిలోనిదే. కోనసీమ తోటలనుండి రావులపాలెము సంతకు వచ్చు కర్పూర చక్కరకేళికి కొంచెము పులుపు ఎక్కువ. ఈ పనికి అది తక్కువది కాదని నా అభిప్రాయము.

పులుపు అనినంతనే అసలు విషయమునకు వచ్చితిమి. అరటిపండులోని ఆమ్లము సోడాతో కలిసి వాయువును పుట్టించి రొట్టెను పొంగించునని పెక్కుమంది వ్రాయుదురు. ఇది అబద్ధము కాదు. కాని నిజములో సగమే. నేను మొదటిసారి ఈ రొట్టె చేసినపుడు ఆ మాట నమ్మి, మూడు పండ్లకు నిండు చెంచా సోడా వేసితిని. రొట్టె బాగుగా పొంగినది, మంచి ముదురు గోధుమరంగు వచ్చినది. నోట పెట్టుకొన్నచో సబ్బు నమిలినట్లుండెను. పిల్లలు పప్పులు ఏరుకొని తిని తక్కినది వదలివేసిరి. తప్పు ఎచటనో లెక్క వేసి చూడగా తెలిసినది. ఆ లెక్క ఇది.

వంట సోడా అణుభారము 84. ఆమ్లము చాలినంత యున్నచో 84 గ్రాముల సోడానుండి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, అనగా 0 డిగ్రీల వద్ద 22.4 లీటర్లు, వెలువడును. నిండు చెంచా సోడా సుమారు 5 గ్రాములు. దానినుండి రావలసినది 1.33 లీటర్లు. ఆమ్లము లేకున్నను సోడా వేడికి విడిపోవును. కాని అప్పుడు రెండు అణువుల సోడానుండి ఒక్క అణువు వాయువే వచ్చును. మిగిలినది నీరు, సోడియమ్ కార్బొనేటు. సోడియమ్ కార్బొనేటు అనగా చాకలి సోడా! రొట్టెలోని సబ్బు రుచికి కారణము దొరకినది కదా.

ఇప్పుడు పండ్లవైపు చూడుడు. పండిన అరటిలో ఆమ్లము, దానినంతను మాలిక్ ఆమ్లముగా ఎంచినచో, నూటికి సుమారు 0.4 పాలు. ఇది జాతినిబట్టి, పండిన తీరునుబట్టి మారును. మూడు పండ్ల గుజ్జు 300 గ్రాములైనచో ఆమ్లము 1.2 గ్రాములు. మాలిక్ ఆమ్లము అణుభారము 134. అది రెండు ఉదజనుల నీయగల ఆమ్లము గనుక 134 గ్రాములు 168 గ్రాముల సోడాను తటస్థీకరించును. ఆ లెక్కన 1.2 గ్రాములకు చెల్లునది ఒకటిన్నర గ్రాముల సోడా. అనగా చెంచాలో మూడవ వంతుకూడ కాదు! నేను వేసిన 5 గ్రాములలో మూడున్నర గ్రాములు ఆమ్లము దొరకక మిగిలి, వేడికి విడిపోయి, రెండు గ్రాములకు పైగా చాకలి సోడాను రొట్టెలో నిలిపినవి.

దీనికి విరుగుడు పెరుగు. పుల్లని పెరుగులో లాక్టిక్ ఆమ్లము నూటికి సుమారు 0.9 పాలు. నూరు గ్రాముల పెరుగులోని 0.9 గ్రాములు 0.84 గ్రాముల సోడాకు చాలును. పండ్లు, పెరుగు కలిపి సుమారు 2.3 గ్రాముల సోడా. ఇది అర చెంచాకు సమీపము. అమెరికా వంటలలో మజ్జిగయో, పుల్లని మీగడయో చేర్చుట రుచికొరకేనని తోచును గాని, వెనుక ఈ లెక్క కలదు. అర చెంచా సోడానుండి వెలువడు 0.65 లీటర్ల వాయువు పొయ్యివేడికి వ్యాకోచించును. పిండిలోని నీరు కొంత ఆవిరియగును. కొంత వాయువు తప్పించుకొని పోయినను రొట్టెకు చాలును.

లెక్క వేయ నొల్లనివారు బేకింగ్ పౌడరు వాడవచ్చును. అందు సోడాతోపాటు తగిన ఆమ్లలవణములుకూడ పొడిగా కలిసియుండును. తేమ తగులకుండ కొంచెము మొక్కజొన్న పిండి చేర్చుదురు. ఆమ్లమును వెదకవలసిన పని లేదు. కాని కొంచెము క్షారము మిగులుటయే మంచి రంగుకు కారణమని మరువరాదు. చక్కెరలు, మాంసకృత్తులు వేడిలో కలిసి గోధుమరంగును, కమ్మని వాసనను ఇచ్చు చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీల్ మయ్యార్ వివరించెను. క్షారమున్నచోట ఈ చర్య వేగముగా సాగును. అందుచేతనే నా మొదటి రొట్టె చూపులకు అంత సొంపుగా నుండెను.

ఇక కలుపుట. గోధుమపిండిలో గ్లయడిన్, గ్లుటెనిన్ అను రెండు మాంసకృత్తులు కలవు. నీరు తగిలి పిండి మర్దింపబడినపుడు అవి అల్లుకొని గ్లుటెన్ అను సాగెడు జిగురగును. పూరీ పిండికి, పరోటా పిండికి ఇది కావలెను; ఈ రొట్టెకు వలదు. ఎక్కువ కలిపినచో రొట్టె బిరుసెక్కి, లోపల సొరంగములవంటి రంధ్రములు పడును. మైదా వేసిన తరువాత పొడిపిండి కనబడకుండపోవునంతవరకే గరిటెతో త్రిప్పి ఆపవలెను. ఉండలు కొన్ని మిగిలినను భయము లేదు. మన గృహిణులకు ఇది కష్టముగా తోచును. ఉండ కట్టినచో వంట చెడినట్లే యని మనము నేర్చినాము.

పప్పుల విషయము. అమెరికావారు అక్రోటు గాని, పెకాన్ గాని వేయుదురు. మనకు పలాస జీడిపప్పు కలదు, వేరుసెనగ చౌక. అక్రోటు పప్పులో బరువునకు నూటికి 65 పాళ్లు నూనె. అందెక్కువ భాగము త్వరగా ఆమ్లజనితో కలియు జాతి యగుటచే, నిలువయున్న అక్రోటు ముక్కవాసన వేయును. కొనునపుడు ఒకటి నమిలి చూడవలెను. ఏ పప్పునైనను ముందుగా దోరగా వేయించినచో కమ్మదనము హెచ్చును, తేమ పోయి కరకరలాడును. పొద్దుతిరుగుడు గింజలు వేయువారికి ఒక వింత ఎదురుకావచ్చును: సోడా ఎక్కువైనచో గింజల చుట్టు రొట్టె ఆకుపచ్చగా మారును. గింజలలోని క్లోరోజెనిక్ ఆమ్లము క్షారములో చేయు మాయ అది. హాని లేదు, చూచువారికి మాత్రము బూజేమో ననిపించును.

ఇచట ఒక హెచ్చరిక. కొందరికి అక్రోటు, జీడిపప్పు, వేరుసెనగ వంటివి సరిపడవు. దద్దుర్లు, పెదవులు వాచుట మొదలు ఊపిరి ఆడకుండుటవరకు ప్రమాదము కలుగవచ్చును. తరగతిలో ఈ రొట్టెను పంచదలచిన ఉపాధ్యాయుడు ముందుగా ప్రతి విద్యార్థిని అడిగి తెలిసికొనవలెను. పప్పులు ఏరి తీసివేసి పెట్టుట చాలదు.

చేయు విధానము. మిక్కిలి పండిన మూడు పండ్లను చిదిమి, 100 గ్రాముల పుల్లని పెరుగు కలుపవలెను. వేరొక గిన్నెలో కరగిన వెన్న 100 గ్రాములు, పంచదార 150 గ్రాములు, రెండు గ్రుడ్లు గిలకొట్టి, గుజ్జును చేర్చవలెను. 250 గ్రాముల మైదాలో అర చెంచా సోడా, చిటికెడు ఉప్పు వేసి రెండుమార్లు జల్లించవలెను. సోడా ఒకచోట ఉండగా మిగిలినచో అచటి ముక్క చేదగును. పిండిని గుజ్జులో వేసి, పైన చెప్పినట్లు తక్కువగా త్రిప్పి, పిడికెడు పప్పు ముక్కలు చల్లి, వెన్న రాచిన అచ్చులో పోయవలెను. తడి తగిలినంతనే వాయువు వెలువడసాగును గనుక ఆలస్యము పనికిరాదు. గ్రుడ్లు తిననివారు బదులుగా మరికొంత పెరుగు వేయుదురు. గ్రుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడి ఇచ్చు బలము లేనందున ఆ రొట్టె కొంచెము పొడిపొడిగా నుండును. అధికముగా వేసిన పెరుగునుబట్టి సోడా ఎంత పెంచవలెనో విద్యార్థులే లెక్క వేయగలరు.

ఓవెను 175 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నుండవలెను. లేనివారు మందపు కుక్కరులో రెండంగుళముల ఇసుక పోసి, దానిపై చిన్న పీట వంటిది ఉంచి, పది నిమిషములు వేడిచేసి అచ్చును పెట్టుదురు. మూతకు రబ్బరు పట్టీ, పైన బరువు రెండును తీసివేయవలెను. లోపల నీరు పోయరాదు. అవి యుంచినచో ప్రమాదము. కాలుటకు ఇంచుమించు ఒక గంట పట్టును. ఇంతసేపు ఎందుకనిన, చుట్టు 175 డిగ్రీలున్నను రొట్టె నడుమ నీరున్నంతవరకు ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. పైపొరలో తేమ పోయినచోటనే వేడి హెచ్చి రంగు తేలును. నడుమ భాగము 93 నుండి 96 డిగ్రీలు చేరునప్పటికి మైదాలోని పిండిపదార్థము నీరు పీల్చి ఉబ్బి, గ్రుడ్డు గట్టిపడి, బుడగల గోడలు నిలదొక్కుకొనును. అంతకు ముందే మూత తెరచి చూచుచున్నచో వాయువు చల్లబడి సంకోచించి, గోడలు కూలి, రొట్టె నడుమ గుంటపడును. ఆతురత గల పిల్లలకు చెప్పదగిన కారణ మిది. పుల్ల గ్రుచ్చి తీసినపుడు పచ్చిపిండి అంటనిచో ఉడికినదని గ్రహింపవచ్చును.

సోడా ఎక్కువైనదో లేదో పరీక్షించుటకు పసుపు చాలును. పసుపు, సున్నము కలిసినచో పారాణి ఎరుపు వచ్చునని ఎరుగని తెలుగు ఇల్లు లేదు. క్షారములో పసుపు రంగు మారుటయే ఇది. పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్కపై, రొట్టె తునకను కొంచెము నీటిలో నలిపి ఆ నీటిచుక్క వేయవలెను. క్షారము బాగుగా మిగిలియున్నచో చుక్క పడినచోటు ఎరుపువైపు తిరుగును. నిండు చెంచా సోడాతో ఒక చిన్న రొట్టె, అర చెంచాతో మరియొకటి చేసి రెంటిని ప్రక్కప్రక్కన పరీక్షించినచో, మొదటిది రంగులో గెలుచుటయు, రెండవది రుచిలో గెలుచుటయు తరగతివారు తామే కనుగొందురు.

కాల్చిననాటికంటె మరునాడు ఈ రొట్టె రుచిగా నుండును. లోపలి తేమ పైపొరకు సర్దుకొనును. మూత గల డబ్బాలో రెండు రోజులు నిలువయుండును. మన కోస్తా ప్రాంతపు ఉక్కకు మూడవనాటికి బూజు రావచ్చును. రిఫ్రిజిరేటరులో పెట్టినచో బూజు రాదు గాని, ఆ చలువలో ఉడికిన పిండిపదార్థము మరల గట్టిపడుట వేగమగును. తినుటకు ముందు పెనముపై కొంచెము వెచ్చచేసికొనవలెను.